బసవమ్మ బావికి ముప్పై అడుగుల దూరంలో

దుర్గి,
2 జూలై 2025.

మహారాజశ్రీ పశువైద్య శిఖామణి డాక్టర్ వాజిద్ గారి దివ్య సముఖమునకు,

నరసరావుపేట కాలేజీలో బి.కాం. చదివి, గొర్రె వెనక కాళ్లు పట్టుకొను విద్యలో నాలుగేళ్ల అనుభవం గడించిన భానుప్రకాష్ అనే నేను అనేక నమస్కారములతో దాఖలు చేసుకుంటున్న క్షమాపణ పత్రం.

ఈ కింది నేరాలన్నింటికీ బేషరతుగా క్షమాపణ కోరుతున్నాను. పల్నాడులో మార్చి నెలకే మే నెల ఎండ కాసినందుకు. మన ఊరి నేల కింద మట్టికి బదులు నాపరాయి పెట్టినందుకు, పెట్టినవాడు దానికి నెర్రెలు కూడా ఇచ్చినందుకు. దుర్గి నడిబొడ్డుకే సరిగా రాని మురుగు కాలువ ఊరి బయట మా నాయన మిర్చి గోడౌను దాకా రానందుకు. ఆ గోడౌనులో పశువుల ఆసుపత్రి పెడదామని మనకి బుద్ధి పుట్టినందుకు. నీకూ నాకూ మధ్యన కృష్ణ పారుతున్నందుకు. నా దస్తూరీకి కూడా. వీటిలో ఏ ఒక్కటీ నేను చేసింది కాదు కాబట్టి మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పగలుగుతున్నాను.

నీ అడ్రసు ఎట్లా దొరికిందంటే, మాచర్లలో మీ నాయన కుట్టుమిషను ముందు గంటన్నర ధర్నా చేశాను.

"మీవాడు ఫోన్ ఎత్తట్లేదు మామా."

"నాదొక్కటే ఎత్తుతాడు. అదీ శుక్రవారం, జుమ్మా రోజు. ఏమైందిరా మీ ఇద్దరికీ?"

"నాకేమైద్ది? అడ్రసు ఇయ్యి, రాసి కనుక్కుంటా."

ఇమాం సాహెబ్ గారు కళ్లద్దాలు పైకి నెట్టి నన్ను కిందికీ పైకీ చూశారు. "నడుం రెండంగుళాలు తగ్గావు. తింటున్నావా?" అన్నారు. టేపు మెడలోనే ఉంది, తియ్యలేదు. చూపుతోనే కొలిచేశారు. అంత మనిషి ముందు ఎక్కువసేపు నిలబడకూడదని అడ్రసు తీసుకుని బయటపడ్డాను.

ఇక విషయం. రంజాను నెలలో ఆ మంగళవారం ఏం జరిగిందో పంచాయతీ పుస్తకంలో ఉన్నట్టే ఇక్కడ రాస్తున్నాను. గొర్రెలను పిడుదుల మందులో ముంచే తొట్టిలో వాడగా మిగిలిన మందునీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి పోయాయి. ట్యాంకు నుంచి ఇంకుడు గుంతలోకి, గుంత నుంచి రాతి నెర్రెల్లోకి, అక్కడి నుంచి ముప్పై అడుగుల దూరంలో ఉన్న బసవమ్మ పిన్ని బావిలోకి పోయాయి. తెల్లారేసరికి దోమపిల్లల్ని తింటాయని ఆవిడ పెంచుకునే రెండు కొరమీనులూ వెల్లకిలా తేలాయి. నువ్వు పిన్ని వాకిట్లో, పంచాయతీ ముందు చేతులు జోడించి "తప్పు నాదే" అన్నావు. బ్యాగు సర్దుకుని నది దాటావు. ఆసుపత్రికి తాళం పడింది. మురుగు నీళ్లకు దారి చూపిస్తే తాళం తీస్తామని పంచాయతీవాళ్లు అంటున్నారు. దారి ఎట్లా చూపించాలో చదువుకున్నవాడు హాలియాలో కూర్చున్నాడు. బి.కాం.లో మురుగు గురించి ఒక్క చాప్టరూ లేదు.

కాబట్టి నాకు చెప్పు. గుంత యాడ తవ్వాలి, పైపు ఎటు తిప్పాలి. నువ్వు చెప్పినట్టు చేస్తాను. ఆ తర్వాత నువ్వు రావాలి. ఆ పదం కింద రెండు గీతలు గీసినట్టు ఊహించుకో.

ఇట్లు,
నీ గొర్రె కాళ్ల గుమాస్తా,
భాను


హాలియా,
11 జూలై.

భాను,

ఉత్తరం అందింది. ఫోన్ ఎందుకు ఎత్తనో చెబుతాను. ఫోన్లో నువ్వు నవ్విస్తావు. నవ్వితే సగం మాఫీ అయిపోయినట్టుంటుంది. నాకు మాఫీ వద్దు. కాగితం మీద నీ నవ్వులు కాస్త ఆలస్యంగా తగులుతాయి, తట్టుకోగలను.

నీళ్లు "పోయాయి" అని రాశావు, మర్యాదకు. వాటంతటవి పోలేదు. తొట్టి బిరడా నేను పీకాను. రోజా మీద ఉన్నాను, మధ్యాహ్నం కళ్లు తిరిగాయి, గుర్తు లేదు. గుర్తు లేకపోవడం మాఫీ కిందికి రాదు. మనిషికి మందిచ్చే డాక్టరైతే ఈపాటికి జైల్లో ఉండేవాడు.

నువ్వు అడిగింది రాస్తున్నాను. ముందు ఇంకుడు గుంత పూర్తిగా మూసెయ్యి. రాతి నేలలో ఇంకుడు గుంత అంటే పక్కవాడి బావికి మనమే పైపు వేసినట్టు. నాలుగేళ్లు నాకు ఈ ఆలోచన రాలేదు. నీళ్లన్నీ ఒక్కటి కావు. నేల కడిగిన నీళ్లు వేరు, మందునీళ్లు వేరు. పేడ, నెత్తురు, ఉచ్చ కడిగిన నీళ్లు ట్యాంకులోకి వెళ్లొచ్చు. పిడుదుల మందు, ఫార్మలిన్, మిగిలిన యాంటీబయాటిక్ ఒక్క చుక్క కూడా వెళ్లకూడదు. ట్యాంకు అంటే గొయ్యి కాదు. దాంట్లో కంటికి కనపడని జీవాలుంటాయి. మురుగుని తిని బతుకుతాయి, మురుగుని శుభ్రం చేసేది అవే. గేదె పొట్టలో ఉండేవాటి లాంటివే అనుకో. వాటిని చంపితే ట్యాంకు ఉత్త కుండ.

నువ్వు రోజూ నేల మీద ఫినాయిలు ఎంత పోసేవాడివి?

ఇంకో సంగతి. పిన్ని నీళ్లకి ఎక్కడికెళుతోంది? నాలుగు నెలల నుంచి ఇది అడగాలని, అడగలేక ఉన్నాను.

ఇక్కడి డెయిరీలో మూడొందల గేదెలు. మురుగుకి పెద్ద ఏర్పాటు ఉంది. సాయంత్రం డ్యూటీ అయ్యాక గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తుంటాను. పక్కవాళ్లు నాకు మతి చెడిందనుకుంటున్నారు.

వాజిద్


దుర్గి,
24 జూలై.

జీవకారుణ్యమూర్తి డాక్టరు గారికి,

నా మీద జనసంహారం కేసు పెట్టించండి. రోజుకి రెండు పూటలా, పూటకి అర బకెట్టు ఫినాయిలు. ఆ పైన శనివారం స్పెషల్‌గా బ్లీచింగు. నాలుగేళ్లు. ట్యాంకులో కంటికి కనపడని జనం ఎన్ని కోట్లో నువ్వు రాయలేదు గానీ, చరిత్రలో ఏ రాజూ అన్ని ప్రాణాలు తీసి ఉండడు. అదీ పరిశుభ్రత పేరుతో. నువ్వు పొద్దున వచ్చి గాలి పీల్చి "శుభ్రంగా ఉంది" అంటావని, ఆ ఒక్క మాట కోసం. ఈ నేరాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. చూశావా, ఎంత తేలిగ్గా ఒప్పుకుంటానో.

పని మొదలైంది. ఇంకుడు గుంతలో రాయి, సున్నం, మట్టి నింపి గట్టిగా కుదించాము. ట్యాంకు ఖాళీ చేయించి లోపల రెండు పూతలు సిమెంటు పూయించాను. తుక్కు ఆగడానికి జాలీ బిగించాను. మందునీళ్లకి మూత ఉన్న డ్రమ్ము వేరే పెట్టాను. దాని మీద ఎర్ర రంగుతో "ఇది తాగరాదు, పారబోయరాదు, దీనితో పరాచికాలాడరాదు" అని రాయించాను.

ట్యాంకుకి మూత కావాలని, రాతి శిల్పాలు చెక్కే కోటయ్య బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన ఉలి ఆపి నన్నొక చూపు చూశాడు.

"నంది చెక్కే చేత్తో మురుక్కుండీ మూత చెక్కమంటావా?"

"నంది కూడా పశువే గదా బాబాయ్. దానికీ రేపు జొరమొస్తే యాడికి పోద్ది?"

"నోరు మూసుకో. కొలత చెప్పు."

చెప్పాను. మూడు రోజుల తర్వాత పోతే నాపరాయి మూత తయారుగా ఉంది. ఒక మూల చిన్న గేదె తల, కొమ్ములతో సహా. అదేంది బాబాయ్ అంటే, "డాక్టరు బాబు మా గేదెకి అడ్డం తిరిగిన దూడని తీశాడు, నీకు తెలీదా? ఆయన వచ్చి చూసుకుంటాడని చెక్కా" అన్నాడు. నేను దాన్ని బండి మీద తెచ్చుకుంటూ, దారిలో రెండుసార్లు ఆగి ఆ గేదె తల మీద గోనెపట్టా సర్దాను.

ఇక పిన్ని నీళ్ల గురించి. పిన్ని ఎక్కడికీ వెళ్లడం లేదు. రోజూ పొద్దున నేనే ఊళ్లో నీళ్ల ప్లాంటు నుంచి రెండు క్యాన్లు తెచ్చి గడపలో పెడుతున్నాను. నా పెద్దమనసుకి చప్పట్లు కొట్టబోకు. ఆవిడ మొదటి రోజు తలుపు వేసుకుంది. రెండో రోజు క్యాను గేదెలకి పోసింది. మూడో నెలలో "మూత సరిగ్గా పెట్టలే" అంది. అది మా ఇద్దరి మధ్యన జరిగిన మొదటి సంభాషణ.

ట్యాంకులో మళ్లీ ప్రాణం పోయాలంటే ఏం చేయాలి? ఫినాయిలు మానేశాను. నేలంతా నీ ముఖంలా ఉంది, గంభీరంగా.

భాను


హాలియా,
29 జూలై.

భాను,

ట్యాంకులో ప్రాణం పోయడానికి పచ్చి పేడ పల్చగా కలిపి పొయ్యి. నాలుగు బకెట్లు చాలు. మందు తినని గేదెది అయ్యుండాలి. పిన్ని గేదెలదైతే మంచిది, వాటికి నెలల తరబడి ఏ సూదీ పడలేదు. ఎందుకు పడలేదో మనకి తెలుసు.

ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్లని నేలలోకి వదలొద్దు. బావికి అవతలి వైపు, గోడౌను వెనక, సిమెంటు అడుగుతో ఒక మడి కట్టించు. దాంట్లో కంకర వేసి మెట్టతామర, తుంగ నాటు. నీళ్లని అవి తాగి గాల్లోకి వదిలేస్తాయి. పిడుదుల మందుకి వేరే తొట్టి, వెడల్పుగా, లోతు లేకుండా. ఎండలో ఆరనీ, సున్నం చల్లు. వానకి దాని మీద కప్పు ఉండాలి. ఎంత తక్కువ కలిపితే అంత తక్కువ మిగులుతుంది. గొర్రెల్ని లెక్క చూసుకునే కలపాలి. ఈ లెక్క నేనే చూసుకోవాల్సింది.

అన్నీ అయ్యాక ఊరికే నమ్మొద్దు. ట్యాంకులో బట్టలకు పెట్టే నీలిమందు డబ్బాడు కలిపి, వారం రోజులు బావి చూడు. బావిలో నీలం కనపడిందా, ఇంకా ఎక్కడో నెర్రె ఉన్నట్టు.

నీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నవ్వాను. చెప్పకూడదనుకున్నాను.

ఇక్కడ తాగే నీళ్లకి రుచి ఉండదు, భాను. పిన్ని బావి నీళ్లలో సున్నం రుచి ఉండేది, నాలుక మీద కాస్త గరుగ్గా. నరసరావుపేట హాస్టల్లో ఇంటర్ రెండేళ్లూ నీతో ఒకే గదిలో ఉండి నీ గురక విన్నవాణ్ణి. ఇక్కడ గదిలో ఒక్కణ్ణే, నిద్ర పట్టదు. కానీ దానికంటే ఎక్కువ గుర్తొచ్చేది ఆ గిలక చప్పుడు. రంజాను నెలంతా పొద్దు గూకే వేళకి పిన్ని గిలక మీద చేద వేసేది, నేను రోజా విడవడానికని. ఇత్తడి చెంబు గోడ మీద పెట్టి, "దా నాయనా, పొద్దు గూకింది" అనేది. ఆ మంగళవారం సాయంత్రం కూడా పిలిచింది. అప్పటికి నీళ్లు చెడలేదు కాబోలు, తాగాను, బాగానే ఉన్నాయి. తాగి చెంబు కడిగిచ్చాను. ఆవిడ నవ్వింది. తెల్లారి చేపలు తేలాయి.

పొద్దు గూకే వేళకి ఇప్పటికీ చెవులు అటే పోతాయి.

వాజిద్


దుర్గి,
31 ఆగస్టు.

వాజిద్ గారికి, నీలి మహోత్సవ నిర్వహణ కమిటీ తరఫున నివేదిక.

పేడ కోసం పిన్ని దగ్గరికి వెళ్లాను. "నాలుగు బకెట్లు పేడ కావాలి పిన్నీ" అంటే, "పిడకలకా?" అంది.

"కాదు, మా కుండీలోకి."

"నా గేదెల పేడ నీ మురుక్కుండీకా? సిగ్గుండాలిరా అడగటానికి."

"వాజిద్ అడగమన్నాడు."

చీపురు కింద పెట్టింది. కాసేపు గేదె మెడ గోకింది. "ఉత్తరాలు రాత్తన్నాడా? తింటన్నాడంటనా?" అంది. తింటున్నాడన్నాను. "బక్కపిల్లోడు. ఐదు తీసుకుపో" అని లోపలికెళ్లిపోయింది. కాబట్టి నువ్వు చెప్పిన నాలుగు కాదు, ఐదు బకెట్లు పడ్డాయి. ఎక్కువైతే పూచీ నాది కాదు.

నెల తిరగకుండానే ట్యాంకు వాసన మారింది. కుళ్లు వాసన పోయి మట్టి వాసన వస్తోంది. మెట్టతామర వానకి ఏపుగా లేచింది, ఎర్ర పూలు కూడా. దారిన పోయేవాళ్లు పూలతోట అనుకుని ఫోటోలు దిగుతున్నారు. అది ఏ నీళ్లతో పెరిగిందో నేను చెప్పడం లేదు.

నీలిమందు డబ్బా కలిపే రోజున పిన్నికి ముందే చెప్పాను. "నా బావిలో నీలం పొంగిందంటే అదే నీలం నీ మూతికి పూసి ఊరంతా తిప్పుతా" అంది. ఒప్పుకున్నాను. ఏడు రోజులు. రోజూ పొద్దున ఇద్దరం బావి గట్టు మీద తలలు వంచి చూడటం. మొదటి రోజు నాకు నీలం కనపడింది. అది ఆకాశం నీడరా సన్నాసీ అని పిన్ని నెత్తి మీద మొట్టింది. ఏడో రోజు కూడా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

పంచాయతీవాళ్లు ల్యాబు కాగితం అడిగారు. గుంటూరు పంపాము, వచ్చింది, బాగుందని వచ్చింది. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి, "కాయితం నీళ్లు తాగుద్దా? నా చేప చెప్పాల" అని సాగరు నుంచి వచ్చే చేపలావిడ దగ్గర రెండు కొరమీను పిల్లలు తెప్పించింది. పోయిన ఆదివారం బావిలో వదిలాము. నెల బతికితే ఆవిడ చేద వేస్తుంది, ఆవిడ తాగితే తాళం తీస్తామని పంచాయతీలో అందరూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు మన ఆసుపత్రి, మన భవిష్యత్తు, నా బి.కాం., అన్నీ జానెడు లేని రెండు చేపల చేతుల్లో ఉన్నాయి. చేపలకి చేతులుండవని నాకు తెలుసు.

నువ్వు బస్సెక్కితే మూడు గంటలు. అంతే దూరం. నీ కుర్చీ మీద పిల్లి పడుకుంటోంది. దాన్ని లేపడం లేదు, ఎవరో ఒకరు కూర్చుంటున్నారు కదా అని.

భాను


హాలియా,
17 సెప్టెంబర్.

భాను,

నువ్వు కట్టించింది నేను కట్టించి ఉంటే ఇంత బాగా కట్టించేవాణ్ణి కాదు. ఇది మెచ్చుకోలు కాదు, నిజం.

ఇక్కడ వాళ్లు నన్ను ఖాయం చేస్తామంటున్నారు. మూడేళ్లు, ఉండటానికి క్వార్టరు. అక్టోబర్ పదిహేనున సంతకం. పెడుతున్నాను.

కారణం నీకు చెప్పకుండా ఉండలేను. ట్యాంకు బాగైంది. బావి బాగవుతుంది. నా చెయ్యి బాగు కాలేదు. నేను ఏం చేశానో నాకే గుర్తు లేని చెయ్యి ఇది. సూది పట్టుకుంటే మందు పేరు మూడుసార్లు చదువుతున్నాను. గదికి తాళం వేసి, సగం దారి వెళ్లి, వెనక్కొచ్చి లాగి చూస్తున్నాను. పోయిన వారం ఒక గేదెకి సూది వేశాక, వేశానా లేదా అని కాంపౌండరుని అడిగాను. ఆయన నన్ను చూసిన చూపు నాకు తెలుసు. ఇక్కడ నా పైన ఇంకో డాక్టరున్నాడు, తప్పు జరిగితే పట్టుకుంటాడు. దుర్గిలో నేనొక్కణ్ణే. మళ్లీ ఆ తొట్టి పక్కన నన్ను నేను నమ్మలేను.

ఆ రోజు లేచి చూసేసరికి తొట్టి ఖాళీగా ఉంది. ఎవరు ఖాళీ చేశారని అడిగాను. "నువ్వే పీకావుగా, రోజాలో మతి పోయిందా" అన్నావు. నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. వేరే ఎవరైనా దాచేవాళ్లు. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పావు. దానికి నీ మీద ఎప్పుడూ కోపం లేదు, నమ్ము.

నా పెట్టెలో సామాను కొత్తగా వచ్చే డాక్టరుకి ఇచ్చెయ్యి. స్టెతస్కోపు మాత్రం నాయనకివ్వు. ఆయన కుట్టి పెట్టిన సంచీలోనే ఉంది.

వాజిద్


దుర్గి,
24 సెప్టెంబర్.

వాజిద్,

సంతకం పెట్టబోకు. కారణం రేపు రాస్తాను.

భాను


హాలియా,
6 అక్టోబర్.

భాను,

రేపు వచ్చి పది రోజులు దాటింది. కారణం రాలేదు. బహుశా చేపల గురించి ఏదో జోకు అయ్యుంటుంది. పరవాలేదు. అదీ రాయి, చదువుతాను. నువ్వు రాయకపోతే ఇక్కడ సాయంత్రాలు చాలా పొడుగ్గా ఉన్నాయి.

వాజిద్


దుర్గి,
11 అక్టోబర్ 2025.

వాజిద్,

ఇది ఐదో చిత్తు. మొదటి నాలుగింటిలోనూ జోకులున్నాయి, చించేశాను. నా దగ్గర వేరే దస్తూరీ లేదని అప్పుడు తెలిసింది.

ముందు నీకు తెలియాల్సినవి రాస్తాను. చేపలు బతికాయి. జానెడు దాటాయి. రెండు వారాల కింద, నెల నిండిన రోజున, పిన్ని గిలకకి నూనె రాసి చేద వేసింది. మొదటి చెంబు తనే తాగింది. రెండోది నాకిచ్చింది. నేను తాగలేకపోయాను. చెంబు గోడ మీద పెట్టి, ఆవిడకి చెప్పాను. ఏం చెప్పానో చివర రాస్తాను, అక్కడిదాకా వెళ్లడానికి నాకు కొంచెం దారి కావాలి.

పిన్ని అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేద తాడు చుట్ట చుట్టింది, మెల్లగా, చివరిదాకా. అప్పుడు అంది.

"ఆ పిల్లోడు నా వాకిట్లో చేతులు జోడించి నిలబడ్డాడురా. నేను మొహం తిప్పుకున్నా. ఆ దణ్ణం నువ్వు పెట్టాల్సింది. వాడి చేత పెట్టించావు."

"అవును పిన్నీ."

"నాతో యేంది చెప్పేది? నాకు చేపలు పోయినయ్యి, చేపలొచ్చినయ్యి. వాడిదేంది మళ్లీ వచ్చేది?"

మర్నాడు క్యాన్లు తేవాల్సిన పని లేదు. అయినా అదే వేళకి వెళ్లాను. తలుపు తియ్యలేదు. ఇప్పటికీ తియ్యడం లేదు. మళ్లీ మొదటి రోజు నుంచి మొదలన్నమాట.

పంచాయతీ ఆఫీసులో కూడా చెప్పాను. పుస్తకంలో నీ పేరు కొట్టేసి నా పేరు రాయించి, కింద సంతకం పెట్టాను. తాళం తీశారు. తాళంచెవి నేను తీసుకోలేదు. పిన్ని దగ్గర పెట్టమన్నాను, డాక్టరు వస్తే ఇస్తుంది, రాకపోతే లేదు.

నిన్న మాచర్ల వెళ్లి మీ నాయనకి చెప్పాను. మిషను మీద చొక్కా సగంలో ఉంది. చక్రం ఆపి సూది పైకెత్తారు. తర్వాత, "అందుకా నువ్వు రెండంగుళాలు తగ్గింది" అన్నారు. అంతే. మా ఇంట్లోవాళ్లు తిట్టినట్టు తిట్టి ఉంటే బాగుండేది. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, పదిహేను లోపల చేరకపోతే కష్టం. రేపు పొద్దున బస్సుకి ఆయనే నీ దగ్గరికి తెస్తున్నారు. నేను రావచ్చు. కానీ నేనొస్తే నిన్ను నవ్విస్తాను. అది నాకు చేతనైన దొంగతనం.

నువ్వు రావాలని నాకెంత ఉందో రాయడం మొదలుపెడితే అది కూడా ఒక ఎత్తుగడ అవుతుంది. అందుకని రాయను. నువ్వు రాకపోయినా, ఇది చదివాక సూది వేసినప్పుడు మందు పేరు ఒక్కసారి చదివితే చాలు.

ఆ మంగళవారం. మధ్యాహ్నం రెండు. నూట పది గొర్రెల్ని ముంచి పంపాము. నువ్వు తొట్టి పక్కన కూలబడ్డావు. పెదాలు ఎండి పొరలు లేచాయి. "ఈ నీళ్లు ట్యాంకులోకి వదలొద్దు భాను. సాయంత్రం రోజా విడిచాక డ్రమ్ములకెత్తి దూరంగా రాళ్ల బీడుకి తీసుకెళతా, నువ్వు ముట్టుకోవద్దు" అన్నావు. సరేనన్నాను. నువ్వు వరండాలో బల్ల మీద పడుకున్నావు. నేను ఆ డ్రమ్ములు చూశాను, నిన్ను చూశాను. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు లేని మనిషి సాయంత్రం అన్ని డ్రమ్ములు మొయ్యాలా అనుకున్నాను. మనకి ట్యాంకు ఉండనే ఉంది, ట్యాంకు ఉన్నది దేనికి అనుకున్నాను. నీకు తెలియకుండా నీ పని తగ్గిద్దామనుకున్నాను.

నువ్వు లేచి అడిగినప్పుడు చెప్పేస్తే తిడతావని ఒక జోకు వేశాను. సాయంత్రం ఇఫ్తారు అయ్యాక నిజం చెప్పి నవ్వుకుందామనుకున్నాను. ఆ సాయంత్రం పిన్ని చెంబు అందిస్తుంటే, నువ్వు తాగుతుంటే, ముప్పై అడుగుల అవతల గోడకి ఆనుకుని నిలబడి చూశాను. నోరు తెరవలేదు. తెల్లారి చేపలు తేలాయి. అందరూ మూగారు. నువ్వు ముందుకొచ్చి "నాదే" అన్నావు. నేను నీ పక్కనే ఉన్నాను, వాజిద్. భుజాలు తగిలేంత పక్కన.

తొట్టికి గుడ్డ చుట్టిన ఆ చెక్క బిరడా పీకింది నేను. నీ చెయ్యి అప్పుడు తొట్టి దగ్గర లేదు. వరండాలో బల్ల మీద, నీ గుండెల మీద ఉంది. నువ్వు నిద్రలో ఉన్నావు.

భాను